షోకేసులో పదకొండు డబ్బాలు

కొత్త పెన్ను కోసం కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లలో మర్యాదగా మాట్లాడినవాళ్లు ఎంతమంది అని నిజాలక్కను అడిగి చూడండి. వేళ్లు మడిచి లెక్కపెట్టదు. పిడికిలి బిగించి చూపిస్తుంది. వేలెడంత వస్తువుకు అంత గొడవా అంటారేమో, అంత గొడవే జరిగింది.

ముందు ఆ పెన్ను సంగతి చెప్పుకోవాలి. కాగితం మీద రాసినట్టే దాంతో ట్యాబ్ అద్దం మీద రాసుకోవచ్చు. మెల్లగా గీస్తే సన్నగా, నొక్కితే లావుగా గీత పడుతుంది. తిప్పి పట్టుకుని వెనక కొనతో రుద్దితే చెరిగిపోతుంది. ట్యాబ్ కంపెనీవాళ్లు నెల ముందునుంచే గోడగోడకీ దాని బొమ్మలు అంటించారు. బొమ్మలకున్న తొందర పెన్నులకు లేకపోయింది. విడుదలైన రోజున మూడంతస్తుల షాపుకు వచ్చినవి అక్షరాలా పన్నెండు. భోజనాల వేళకు ముందే అన్నీ అయిపోయాయి. ఆ తరవాత నలభై రోజులు "వచ్చే వారం, వచ్చే వారం" అన్న మాట తప్ప కౌంటరుకు ఇంకేమీ చేరలేదు.

నిజాలక్క ఆ షాపు రెండో అంతస్తులో, మెట్ల పక్కన, చిన్న సామాన్ల కౌంటరు మనిషి. చార్జర్లు, కేబుళ్లు, కవర్లు, చెవుల్లో పెట్టుకునేవి. ఇరవై మూడేళ్లుగా అదే కౌంటరు. నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు తేలిపోయి, మోకాళ్లదాకా బిగుతు మేజోళ్లు తొడుక్కుని వచ్చేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. నిజాలక్క అన్న పేరు కొనడానికి వచ్చేవాళ్లు పెట్టిందే. ఎందుకంటారా? చార్జరు చూపించి ఇది బాగుంటుందా అని ఎవరైనా అడిగితే, డబ్బా విప్పి, వైరు మెలిపెట్టి, పిన్ను గోటితో కదిపి చూసి, "ఆర్నెల్లు కూడా రాదు, తీసుకోకండి" అని మొహం మీదే చెప్పేది. చేత్తో పట్టి చూడనిదే మంచీ చెప్పదు, చెడ్డా చెప్పదు. అమ్మమని నిలబెడితే కొనొద్దని చెప్పే మనిషిని ఎవడు పెట్టుకుంటాడండీ? షాపు పెద్దాయన పెట్టుకున్నాడు. ఆయనేం పిచ్చివాడు కాదు. కొనొద్దని చెప్పే నోటితోనే ఆవిడ "ఇది తీసుకోండి" అంటే జనం మారుమాట లేకుండా తీసుకునేవాళ్లు. ఆస్తి లేదు, చదువు అంతంతమాత్రం, నోరు అసలే మంచిది కాదు. నిజాలక్కకు ఉన్నదల్లా ఆ ఒక్క మాట.

పెద్దాయనకు మోకాళ్లు పట్టేసి ఇంటిపట్టున ఉండిపోయాక ఫ్లోర్ మేనేజరు అని ఒకాయన దిగాడు. షాపులో అందరూ ఆయన్ను చాటుగా సెంటు మేనేజరు అనేవాళ్లు. మనిషి రాకముందే వాసన వచ్చేది, మనిషి పోయాక కూడా మెట్ల మీద మిగిలేది. అర ఖాళీగా కనిపిస్తే చాలు, ఆయనకు ప్రాణం పోయినంత పని.

"మేడమ్, ఖాళీ అర చూస్తే కస్టమర్ పక్క షాపుకి పోతాడు. ఏదో ఒకటి పెట్టి నింపండి" అన్నాడు.

నింపడానికి ఏముంది? మొదటి రోజు పెన్ను కొన్నవాళ్లు అక్కడికక్కడే డబ్బాలు విప్పి, ట్యాబ్‌కు కలిపి చూసుకుని, డబ్బాలు కౌంటరు మీదే పారేసి పోయారు. అలా పదకొండు మిగిలాయి. నిజాలక్క వాటినే తుడిచి, మూతలు పెట్టి, తన వెనక ఉన్న అద్దాల షోకేసులో తన చేత్తోనే పేర్చింది. కింద అయిదు, వాటి మీద నాలుగు, పైన రెండు. పైన పటారం, లోన లొటారం. మేనేజరు షోకేసుకు తాళం వేసి తాళంచెవి తన సొరుగులో పడేసుకున్నాడు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఖాళీ డబ్బాలకు తాళం ఏమిట్రా భగవంతుడా అని నిజాలక్క నవ్వుకుంది. నవ్వుకోకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది.

ఇక చూస్కోండి. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడికీ మొదట కనిపించేది ఆ డబ్బాలే.

"అదిగో పెన్ను! ఒకటివ్వండి."

"లేవండి. అవి ఖాళీ డబ్బాలు."

"ఖాళీ డబ్బాలకి తాళమెందుకు?"

"మా మేనేజర్‌ని అడగండి."

"ఎవరికోసం దాస్తున్నారు? మా చెవుల్లో పువ్వులు గానీ కనిపిస్తున్నాయా?"

ఒక కాలేజీ పిల్ల ఏడ్చింది. ఇళ్ల ప్లాన్లు గీసే ఆయన కౌంటరు అద్దం మీద గుద్దాడు. టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, "నీలాంటివాళ్లని కౌంటర్లో పెట్టబట్టే షాపులు మూతపడుతున్నాయి" అని మూడంతస్తులకూ వినపడేలా అరిచాడు. నిజాలక్క తక్కువ తిన్నదా? "నా నోట్లోంచి ఊడిపడతాయా పెన్నులు? నోరు తెరిచి చూపించమంటారా?" అని ఎదురు తిరిగింది. తిట్లన్నీ అయ్యాక చివరికి ఆవిడ అనేది మాత్రం ఒక్కటే. "నా కళ్ల మీద ఒట్టు, అవి ఖాళీవి. నేనే పేర్చాను." ఆ ఒట్టు విన్నాక ఎంత కోపంగా వచ్చినవాడైనా గొణుక్కుంటూ మెట్లు దిగిపోయేవాడు.

వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోకుండా ఆవిడే ఒక దారి చూసింది. తన డబ్బుతో ఒక నోటుపుస్తకం కొని, అడిగినవాళ్ల పేరూ ఫోను నంబరూ వరుసగా రాయడం మొదలుపెట్టింది. పెన్నులు రాగానే ముందు రాసుకున్నవాళ్లకు ముందు. మేనేజరుకు కావలసినవాడైనా, పెద్దాయన మేనల్లుడైనా వరుస తప్పేది లేదు. అద్దం మీద గుద్దిన ప్లాన్ల ఆయన పేరు కూడా తొమ్మిదో నంబరులో రాసి పెట్టింది.

ఇరవై తొమ్మిదో రోజున చెల్లెలు వచ్చింది.

చెల్లెలు రావడమంటే మాటలా? అక్కాచెల్లెళ్లకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కారణం వింటే మీకు నవ్వొస్తుంది, చెల్లెలి ముందు మాత్రం నవ్వకండి. అప్పట్లో చెల్లెలికి ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి తల్లి పిల్ల గుణం కనుక్కుందామని, కేబులు కొనే వంకతో ఈ కౌంటరుకే వచ్చి, "మీ చెల్లెలు ఎలాంటిదమ్మా?" అని అడిగింది. నిజాలక్క చార్జరు గురించి చెప్పినట్టే చెప్పింది. "మంచిదేనండి. కాకపోతే త్వరగా వేడెక్కుతుంది. చల్లారడానికి రెండు రోజులు పడుతుంది." ఆవిడ కేబులు కూడా కొనకుండా వెళ్లిపోయింది. సంబంధం తప్పిపోయింది. చెల్లెలు మళ్లీ పెళ్లి మాటెత్తలేదు. పిల్లల పాఠాల పుస్తకాలకు బొమ్మలు గీసుకుంటూ రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. యథార్థవాది లోకవిరోధి అంటారు. లోకం మాట అటుంచండి, ముందు ఇంట్లోవాళ్లకు విరోధి.

చెల్లెలు కౌంటరు ముందు నిలబడి పరాయి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. పుస్తకాల కంపెనీ కొత్త ట్యాబ్ ఇచ్చింది. పాత పెన్ను దాని మీద పనిచెయ్యడం లేదు. శుక్రవారానికి అరవై బొమ్మలు ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది.

"ఒక పెన్ను కావాలి."

"లేవు."

"నీ వెనకే ఉన్నాయి."

"అవి ఖాళీవి. పుస్తకంలో రాస్తాను. నీది ముప్పై నాలుగో నంబరు."

"నిన్న మధ్యాహ్నం నువ్వు అన్నానికి వెళ్లినప్పుడు నేనీ మెట్ల మీదే ఉన్నాను. నీ దగ్గరికి రావాలా వద్దా అని అరగంట నిలబడ్డాను. మీ మేనేజర్ ఆ షోకేసు తెరిచి, ఒక డబ్బా తీసుకెళ్లి, మెట్ల కిటికీ కిందే ఆగిన కార్లో ఉన్నాయనకి ఇచ్చాడు. నా కళ్లతో చూశాను."

"అది చార్జరు డబ్బా అయ్యుంటుంది."

"నాకు డబ్బాలు తెలీవా?"

"నా చేత్తో పేర్చాను, నాకు తెలీదా? నా కళ్ల మీద ఒట్టు. ఖాళీవే అవి."

చెల్లెలి మొహం ఎర్రబడింది. చెప్పాగా, త్వరగా వేడెక్కుతుంది.

"అప్పుడు నిజం చెప్పి నా బతుకు తగలబెట్టావు. ఇప్పుడు అబద్ధం చెప్పి నా తిండి లాగేస్తున్నావు. నీ నోట్లోంచి ఏదొచ్చినా నాకు విషమే."

"పేరు రాయించుకుంటావా, లేదా?"

"నీ పుస్తకంలో నా పేరు రాశావో, చెయ్యి విరుగుతుంది!"

చెల్లెలు విసురుగా మెట్లు దిగిపోయింది. ఆ రోజు నిజాలక్క ఇంకో ఏడుగురికి అదే ఒట్టు వేసింది. ఏడుసార్లూ గొంతు కావలసినదానికంటే ఎక్కువే లేచింది. షోకేసు వైపు మాత్రం తలతిప్పి చూడలేదు. తాళంచెవి అడిగి ఒక్క డబ్బా ఎత్తి చూస్తే తేలిపోయేది. అడిగితే చెల్లెలి మాట నమ్మినట్టవుతుందని అడగలేదు. తొమ్మిదేళ్ల పంతం ఒక తాళంచెవి కోసం దిగివస్తుందా?

శుక్రవారం వచ్చింది, వెళ్లింది. పని ఇంకొకరికి పోయిందని చెల్లెలి పక్కింటావిడ ఫోను చేసి చెప్పింది. నిజాలక్కకు ఆ పూట అన్నం దిగలేదు. అయినా ఒట్టు వెయ్యడం మానలేదు.

నలభై ఒకటో రోజు ఉదయం సెంటు మేనేజరుకు పంటినొప్పి పట్టుకుంది. పన్ను పీకించుకుని ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు. షాపు ఇంకా తెరవలేదు. గోడ మీది ఏసీ కారి కారి షోకేసు నెత్తిన మడుగు కట్టింది, అతుకులోంచి చుక్కలు చుక్కలుగా డబ్బాల మీద పడుతోంది. ఊడ్చే ఆవిడ అది చూసి, "అక్కా, నీ డబ్బాలు నానిపోతున్నాయి!" అని కేక పెట్టింది. మారు తాళంచెవులు క్యాషియరు దగ్గర ఉంటాయి. నిజాలక్క వెళ్లి తెచ్చి షోకేసు తెరిచింది.

పై రెండూ తీసింది. తేలిగ్గా వచ్చాయి. రెండో వరుసలో మొదటిది పట్టుకుంది. అది చేతికి బరువు తగిలింది.

ఇరవై మూడేళ్లు డబ్బాలెత్తిన చెయ్యి. మూత తియ్యకముందే తెలిసిపోయింది. తిప్పి చూస్తే కంపెనీ సీలు కూడా చెక్కుచెదరలేదు. పక్కది తీసింది, ఇంకోటి తీసింది. రెండో వరుసలో మూడు, కింది వరుసలో మూడు, మొత్తం ఆరు నిండు డబ్బాలు. తను పేర్చిన ఖాళీవి అయిదే మిగిలాయి. కంపెనీ పంపిన పెన్నుల్ని ఆ మహానుభావుడు ఇంట్లో దాచలేదు, గోడౌన్లో దాచలేదు. జనం కళ్లెదుట, నిజాలక్క వీపు వెనక దాచాడు. తనవాళ్లకు, రెట్టింపు ధర ఇచ్చినవాళ్లకు ఒక్కొక్కటే తీసి ఇస్తూ, ఆ చోట మళ్లీ ఖాళీ డబ్బా పెడుతూ వచ్చాడు. ఆ ఇనప తాళం పేరుకే. అసలు తాళం ఆవిడ వేసిన ఒట్టు.

నిజాలక్క స్టూలు మీద కూలబడింది. కోపం వచ్చింది, రాక చస్తుందా? ఎదురుగా ఉంటే మేనేజరు రెండో పన్ను కూడా ఊడేది. కానీ కోపం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. చేత్తో పట్టి చూడనిదే మాట చెప్పని మనిషి, ఎప్పుడో ఒకసారి పట్టి చూసిన డబ్బాల మీద ఇన్ని రోజులు ఒట్లు వేసింది. తన ఒట్టు ఏ రోజు దాకా నిజమో, ఏ రోజు నుంచి అబద్ధమో ఆవిడకే తెలియదు. తోడబుట్టింది కళ్లతో చూసి చెప్పినా వెనక్కి తిరిగి చెయ్యి పెట్టలేదు.

"అక్కా, ఎక్కడివక్కడ పెట్టేసి నోరు మూసుకో. నాలుగేళ్లలో రిటైరవుతావు. మనకెందుకు?" అంది ఊడ్చే ఆవిడ.

"ఒట్టేసింది నేను. నాకు కాకపోతే ఇంకెవరికి?"

పుస్తకం తీసి మొదటి ఆరుగురికీ ఫోను చేసింది. షట్టరు ఎత్తిన గంటలో ఆరుగురూ వచ్చారు. వాళ్లతో పాటు ఎక్కడెక్కడి వాసన పట్టారో, ఇంకో ముప్పై మంది వచ్చారు. నిజాలక్క నొప్పి కాళ్లతోనే స్టూలెక్కింది.

"వినండి. ఈ డబ్బాలు ఖాళీవని మీకు ఒట్టేసి చెప్పాను. ఇవి ఖాళీవి కావు. ఆరిట్లో పెన్నులున్నాయి. వీటిని ఎవరు పెట్టారన్నది తరవాత సంగతి, ఒట్టేసింది మాత్రం నేను. నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లది తప్పు కాదు."

జనం చప్పట్లు కొట్టారనుకుంటున్నారా? మంచి ఆశే. "నేనారోజే అనలేదూ!" అని టై పెద్దమనిషి అందరికీ తిరిగి తిరిగి చెప్పుకున్నాడు. "ఇంకెన్ని దాచావో మిగతావి కూడా తియ్యి" అని ఎవరో అరిచారు. తొమ్మిదో నంబరు ప్లాన్ల ఆయన, తనదాకా రాలేదని మళ్లీ అదే అద్దం మీద గుద్దాడు, ఈసారి అద్దం బీటవేసింది. నిజాలక్క ఎవరికీ ఎదురు చెప్పలేదు. అసలు ధరకే, వరుస ప్రకారం, ఆరు పెన్నులూ ఇచ్చేసింది. మొదటి నంబరు ఏడ్చిన కాలేజీ పిల్లది. పెన్ను తీసుకుంది, ఆవిడ మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది. అన్నింటికంటే అదే ఎక్కువ తగిలింది నిజాలక్కకు.

మధ్యాహ్నానికి మేనేజరు బుగ్గ వాచిపోయి వచ్చాడు.

"ఎవరి పర్మిషన్‌తో తెరిచారు?"

"నీళ్లు కారాయి, తెరిచాను."

"ఆ ఆరూ వేరేవాళ్లకి మాటిచ్చాను నేను!"

"నేనూ ఇచ్చాను, నలభై ఆరు మందికి. మీ మాటకి రెట్టింపు ధర. నా మాటకి ధర లేదనుకున్నారు కదూ, అందుకే దాని వెనక పెట్టుకున్నారు."

మేనేజరు పెద్దాయనకు ఫోను కలిపి, తాళం తీసి సరుకు అమ్మేసిందని, జనంలో షాపు పరువు తీసిందని ఏకరువు పెట్టాడు. తరవాత ఫోను ఆవిడ చేతికిచ్చాడు. పెద్దాయన అంతా నిదానంగా విన్నాడు. డబ్బాల్లోకి పెన్నులెలా వచ్చాయో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది, పాతకాపు.

"నీ ఒట్టు అబద్ధమని అందరి ముందూ నువ్వే చెప్పావా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పానండి."

"మరి రేపటినుంచి నిన్నా కౌంటర్లో నిలబెడితే ఎవరు నమ్ముతారమ్మా?"

ఆ నమ్మకం కోసమే ఆయన ఆవిణ్ని ఇరవై మూడేళ్లు పెట్టుకున్నాడు. మేనేజరు సంగతి తను చూసుకుంటానన్నాడు. ఏం చూసుకున్నాడో గానీ, ఆ మెట్ల మీద సెంటు వాసన ఇప్పటికీ అలాగే ఉంది.

స్టూలు మీది మెత్త, నీళ్ల సీసా, నోటుపుస్తకం సంచిలో వేసుకుంది. పుస్తకం షాపుది, పెట్టి వెళ్లమన్నాడు మేనేజరు. "నా డబ్బుతో కొన్నది" అని వినిపించుకోకుండా మెట్లు దిగింది.

అటునుంచి అటే చెల్లెలింటికి వెళ్లి తలుపు కొట్టింది. తలుపు గొలుసు పొడవునే తెరుచుకుంది.

"ఏంటి?"

"ఆ డబ్బాలు ఖాళీవి కావు."

"నేనారోజే చెప్పాను."

"చెప్పావు. నువ్వు చెప్పిందే నిజం. నేనేసింది అబద్ధపు ఒట్టు."

"పెన్ను తెచ్చావా?"

"లేదు. ఆరున్నాయి. వరుసలో ఇచ్చేశాను."

"నా పని పోగొట్టావు. ఆరిట్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, సొంత చెల్లెలికి తియ్యలేకపోయావా?"

"నీ పేరు పుస్తకంలో లేదు."

తలుపు దభాలున మూసుకుంది. ఇంటికి పోవడానికి నిజాలక్కకు కాళ్లు రాలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని, మేజోళ్లు కిందికి లాగి పిక్కలు పిసుక్కుంటూ ఉండిపోయింది. చాలాసేపటికి తలుపు మళ్లీ గొలుసుదాకా తెరుచుకుంది.

"ఇంకా ఇక్కడే చచ్చావా? రేపు షాపుకి వెళ్లక్కర్లేదూ?"

"తీసేశారు."

"ఎవరు, ఆ సెంటువాడా?"

"పెద్దాయన. నా మాట ఇక ఎవరూ నమ్మరట."

ఈసారి తలుపు మూసుకోలేదు.

"ఆ పుస్తకం ఏం చేశావు?"

"సంచిలో ఉంది."

"నా పేరు రాయి."

"నాకిప్పుడు షాపే లేదు కదే. దీన్ని పట్టుకెళ్తే ఎవరూ ఏమీ ఇవ్వరు."

"తెలుసు. అయినా రాయి."

నిజాలక్క పుస్తకం తీసింది. సంచంతా తడిమి చూసుకుంది. కౌంటరు మీది బాల్ పెన్ను షాపుదని అక్కడే పెట్టి వచ్చింది.

"రాయడానికి ఏం లేదు" అంది.

"ఇరవై మూడేళ్లు షాపులో వెలగబెట్టి ఒక్క పెన్ను లేదా నీ దగ్గర, నీ మొహం మండ!" అంటూ చెల్లెలు లోపలికి వెళ్లి, పొట్టి పెన్సిలు ముక్క ఒకటి తెచ్చి గొలుసు సందులోంచి బయటికి చాపింది.

నిజాలక్క పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, నలభై ఏడో నంబరు పక్కన చెల్లెలి పేరు రాసింది. చెల్లెలు సందులోంచి మెడ చాచి చూసింది.

"నా ముందు నలభై ఆరు మందా?"

"నలభై. ఆరుగురికి ఇచ్చేశాను కదా."